2025 వార్షిక నివేదిక: పండగలు, పద్దులు, ఆ విసిరే పిల్లాడి గొడవ

సభ్యులందరికీ నమస్కారం.

ఏటా ఈ నివేదిక సంక్రాంతి ముగ్గులతో మొదలై లెక్కల పట్టికతో ముగుస్తుంది, మధ్యలో ఏం రాశామో ఎవరూ చదవరు, ఆ సంగతి రాసే నాకూ తెలుసు, చదవని మీకూ తెలుసు. ఈసారి కాస్త వేరేగా రాస్తున్నాను. ఎందుకంటే 2025లో మన ఆస్టిన్ తెలుగు కుటుంబాలు గంటలకొద్దీ కూర్చుని వాదించుకున్నదీ, ఒకసారైతే పులిహోర ప్లేటు సగంలో వదిలేసి లేచి వెళ్లిపోయిందీ సంఘం పనుల గురించి కాదు, ఆర్చ్ మానింగ్ గురించి. యూటీ ఆస్టిన్ (టెక్సస్ యూనివర్సిటీ) అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు లాంగ్‌హార్న్స్‌కి క్వార్టర్‌బ్యాక్, అంటే జట్టుని నడిపిస్తూ బంతి విసిరేవాడు. మా అత్తయ్య మాటల్లో "ఆ విసిరే పిల్లాడు".

ముందు మిగతావి చెప్పేస్తాను. సంక్రాంతికి భోగిపళ్లు పోశాం, రేగుపళ్లు దొరక్క చాక్లెట్లు కలిపాం, పెద్దవాళ్లు కోప్పడ్డారు, పిల్లలు సంతోషించారు. మార్చి 30న విశ్వావసు నామ సంవత్సర ఉగాది చేసుకున్నాం, పచ్చడి రెండో విడత కలపాల్సి వచ్చింది. తెలుగు బడి నడుస్తోంది, టీచర్లు ఇంకా కావాలి, ఈ మాట పోయినేడూ రాశాను. బతుకమ్మకి పూలు తెచ్చిన అక్కలకి, రాత్రి పదకొండింటికి హాలు ఊడ్చిన తమ్ముళ్లకి ధన్యవాదాలు.

ఇక అసలు విషయం. శనివారం ఆటలు కలిసి చూద్దామని కమిటీ ఆగస్టులో నిర్ణయించింది. మన పిల్లల్లో సగం మంది యూటీలో చదువుతున్నారు, మిగతా సగం అక్కడ సీటు వస్తుందా రాదా అని టెన్షన్ పడుతున్నారు, కాబట్టి ఇది పరాయి ఆట అనడానికి లేదు. మొదటి రోజు అందరూ ఆ కాలిన నారింజ రంగు టీషర్టుల్లో వస్తే, ఇండియా నుంచి కొత్తగా వచ్చిన ఒక మావయ్యగారు "ఇంతమంది హనుమాన్ దీక్షలో ఉన్నారా?" అని అడిగారు. నెల తిరిగేసరికి ఆయనకే అందరికన్నా ఎక్కువ బీపీ పెరిగింది.

ఆశలు ఎక్కడిదాకా పోయాయో గుర్తు చేసుకోండి. సీజన్ మొదలవకముందే ఏపీ పోల్‌లో (ఏపీ అంటే మన ఆంధ్రప్రదేశ్ కాదు, అసోసియేటెడ్ ప్రెస్) టెక్సస్‌కి మొదటి ర్యాంకు ఇచ్చారు, యూటీ చరిత్రలో సీజన్‌కి ముందు అలా ఇవ్వడం అదే మొదటిసారి. ఏటా కాలేజీ ఆటగాళ్లలో ఉత్తముడికిచ్చే హైస్‌మన్ ట్రోఫీకి ఆర్చే ఫేవరెట్ అన్నారు. అప్పటికి ఆ అబ్బాయి కాలేజీలో మొదటినుంచీ దిగి ఆడింది రెండే రెండు ఆటలు, అదీ 2024లో క్విన్ ఎవర్స్‌కి దెబ్బ తగిలినప్పుడు. పెళ్లిచూపులు కాకుండానే శుభలేఖలు పంచినట్టుంది. మనమేం తక్కువ కాదు లెండి, మార్చిలో సన్‌రైజర్స్ మొదటి మ్యాచ్‌లో 286 కొట్టగానే ఈసారి 300 ఖాయం అని ఎగిరాం, చివరికి ఆరో స్థానంలో తేలారు. అదే పాఠం అదే ఏడాదిలో రెండుసార్లు చదివాం, రెండుసార్లూ ఫెయిల్.

ఆగస్టు 30, ఒహాయో స్టేట్ మీద మొదటి ఆట. చవితి అయి మూడు రోజులు, వినాయకుడు ఇంకా హాల్లోనే కూర్చుని ఉన్నాడు, ఆయనకి ఎదురుగా టీవీ. మూడో క్వార్టర్‌లో గోల్ లైనుకి ఒక్క యార్డు దూరంలో నాలుగో డౌన్, అంటే ఆఖరి ప్రయత్నం, ఆర్చ్ తనే బంతి పట్టుకుని దూరాడు, దాటలేకపోయాడు. అత్తయ్య అన్న మాట నాకింకా చెవిలో ఉంది: "ఒక్క గజమేగా నాయనా, పడ్డా దాటుతావు కదా." 14-7తో ఓడాం.

సెప్టెంబరు 13న యూటెప్ (ఎల్ పాసోలోని టెక్సస్ యూనివర్సిటీ) మీద 27-10తో గెలిచాం, కానీ అది గెలుపులా లేదు. 25 విసిరితే 11 చేతికి అందాయి, 114 యార్డులు, సొంత స్టేడియంలో సొంత జనమే "బూ" అన్నారు. ఆ మర్నాటి కమిటీ సమావేశంలో ఒక సభ్యుడు "ఈ అబ్బాయిని బెంచి మీద కూర్చోబెట్టాలి, పేరు చూసి ఆడించేది ఇంకెన్నాళ్లు?" అని గట్టిగా మాట్లాడినట్టు మినిట్స్‌లో ఉంది. ఆ సభ్యుణ్ణి నేనే. కార్యదర్శిని కాబట్టి చెరిపేసే అవకాశం ఉన్నా చెరపలేదు, ఇప్పటికీ చూసి సిగ్గుపడుతుంటాను.

పేరు సంగతే మన వాదనలన్నిటికీ మూలం. తాత ఆర్చీ మానింగ్, పెదనాన్న వరస కాదు గానీ బాబాయిలు పేటన్, ఎలై, ఇద్దరూ ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్‌లో సూపర్ బౌల్స్ (ఫైనల్స్) గెలిచిన క్వార్టర్‌బ్యాక్‌లు. నాన్న కూపర్ వెన్నెముక జబ్బు వల్ల చిన్నప్పుడే ఆట మానేశాడు, ఇది మనవాళ్లలో చాలామందికి తెలీదు. వారసత్వం అనగానే మనకి ఊపు వస్తుంది కదా, సినిమావాళ్ల పిల్లల మీద నలభై ఏళ్లుగా చేస్తున్న వాదన అంతా తెచ్చి ఈ ఇరవై ఒక్కేళ్ల పిల్లాడి మీద కుమ్మరించాం. రౌండ్‌రాక్ బావగారైతే "మొదటి సినిమాకే మూడొందల థియేటర్లు ఇస్తే ఎవరైనా హీరోయే" అని తేల్చేశారు. దానికి ఎంఎస్ చదువుతున్న ఒక తమ్ముడు, అప్పటిదాకా మాట్లాడనివాడు, "బావగారూ, థియేటర్లు ఇచ్చారు సరే, కెమెరామన్‌ని తీసేశారు కదా" అన్నాడు. పోయిన ఏడాది ఆఫెన్సివ్ లైన్ అయిదుగురిలో నలుగురు వెళ్లిపోయారు, కెల్విన్ బ్యాంక్స్ అయితే ఎన్‌ఎఫ్‌ఎల్ డ్రాఫ్ట్‌లో తొమ్మిదో పిక్. క్వార్టర్‌బ్యాక్‌కి ముందు గోడలా నిలబడాల్సినవాళ్లు వాళ్లే.

అక్టోబరు 4న ఫ్లోరిడాతో ఆడినప్పుడు అది కళ్లారా చూశాం. ఆరు శాక్‌లు, అంటే బంతి విసిరేలోపే ఆర్చ్‌ని ఆరుసార్లు పడగొట్టారు. బౌలర్ చెయ్యి ఎత్తేలోపే నలుగురు వచ్చి మీద పడితే యార్కర్ ఎక్కడ పడుతుంది? 29-21తో ఓడిపోయాం, ఆ ఫ్లోరిడా చివరికి 4-8తో సీజన్ ముగించింది, అందుకే ఆ ఓటమి కడుపులో ముల్లులా ఉండిపోయింది. అయితే లైను చెడ్డదన్నంత మాత్రాన పిల్లాడిది తప్పు లేదని కాదు. ఆ నెలన్నరలో టైము ఉన్నప్పుడు కూడా కాళ్లు కుదురుగా పెట్టకుండా, ఒళ్లు వెనక్కి వాల్చి విసిరాడు, ఎదురుగా ఖాళీగా ఉన్నవాడి తల మీదుగా బంతి పోయింది. రెండు ఇంటర్‌సెప్షన్లు (విసిరిన బంతి ఎదుటివాళ్లు పట్టేయడం) కూడా ఆ ఫ్లోరిడా ఆటలోనే.

దీపావళి కార్యక్రమం గురించి ప్రత్యేకంగా రాయాలి, ఎందుకంటే సంఘం తరఫున ఒక క్షమాపణ బాకీ ఉంది. అక్టోబరు 18 శనివారం అద్దెకి తీసుకున్న ఆడిటోరియంలో పెట్టాం, అదే సాయంత్రం కెంటకీతో ఆట ఉందని కమిటీలో ఒక్కరూ చూసుకోలేదు. మన కార్యక్రమం ఎప్పటిలాగే గంటన్నర ఆలస్యం, కెంటకీ ఆట ఓవర్‌టైముకి పోయింది, రెండూ ఒకేచోట కలిశాయి. స్టేజీ మీద పన్నెండేళ్ల పాప తరంగం చేస్తోంది, ఇత్తడి పళ్లెం అంచుల మీద నిలబడి మెల్లగా ముందుకి జరుగుతోంది, హాలంతా నిశ్శబ్దం, వెనక మూడు వరసల్లో తలలు మాత్రం ఫోన్లలో. సరిగ్గా ఆ క్షణంలోనే కెంటకీని ఒక్క యార్డు దగ్గర మనవాళ్లు ఆపేశారు. వెనక వరసలన్నీ ఒక్కసారిగా అరిచాయి. పాప ఉలిక్కిపడింది, పళ్లెం టంగుమంది, ఒక కాలు కింద పెట్టి మళ్లీ ఎక్కింది, తాళం తప్పలేదు. వాళ్లమ్మ వెనక్కి తిరిగి చూసిన చూపు నేను మర్చిపోలేను. తర్వాత మన కిక్కర్ షిప్లీ 45 యార్డుల ఫీల్డ్ గోల్ కొట్టాడు, 16-13. ఆ రోజు ఆర్చ్ 27లో 12, 132 యార్డులు, అరవడానికి అందులో ఏమీ లేదు నిజానికి. మేకప్ గదికి వెళ్లి క్షమించమని అడిగితే పాప గజ్జెలు విప్పుకుంటూ "గెలిచామా అంకుల్?" అంది. పాపకీ, వాళ్లమ్మగారికీ, గురువుగారికీ ఈ నివేదికలో మరోసారి క్షమాపణలు. వచ్చే ఏడు నుంచి హాలు బుక్ చేసే ముందు ఆటల పట్టిక చూడాలని తీర్మానం చేశాం.

ఆ తర్వాతి వారం నుంచే నా మాట వెనక్కి తీసుకోవడం మొదలైంది. మిసిసిపీ స్టేట్ మీద నాలుగో క్వార్టర్‌లో 17 పాయింట్లు వెనకబడి ఉన్నాం, సగం మంది కారు తాళాలు చేతిలోకి తీసుకున్నారు. ఆర్చ్ ఒక్కడే 346 యార్డులు విసిరాడు, మన నిబ్లెట్ ఎదుటివాళ్లు తన్నిన బంతి (పంట్) పట్టుకుని 79 యార్డులు పరిగెత్తాడు, సమం చేశాం. ఓవర్‌టైములో ఆర్చ్ తలకి దెబ్బ తగిలి బయటికి వెళ్తే, బదులు క్వార్టర్‌బ్యాక్ కాల్డ్‌వెల్ వచ్చి మొదటి బంతికే టచ్‌డౌన్ (బంతి గోల్ లైను దాటించడం) విసిరాడు, 45-38. మనలో నర్సుగా చేస్తున్న సెడార్‌పార్క్ అక్క "కంకషన్ అంటే ఆటలు కాదు, వచ్చే వారం దింపకూడదు" అంది, ఆమె మాటకి ఎదురు చెప్పేవాళ్లు మన సంఘంలో లేరు. డాక్టర్లు సరేనన్నాక నవంబరు 1న వాండర్‌బిల్ట్ మీద దిగాడు. మొదటి ప్లేలోనే మన జట్టు వింగోకి 75 యార్డుల టచ్‌డౌన్. మొత్తం 33లో 25, 328 యార్డులు. అక్క చప్పట్లు కొట్టింది గానీ చివరిదాకా ముఖం ముడుచుకునే ఉంది.

నవంబరు 15న కార్తీక వనభోజనాలు. ఉసిరి చెట్టు ఎక్కడ దొరుకుతుంది, ఓక్ చెట్టు కిందే ఉసిరికాయ పచ్చడి సీసా పెట్టి దణ్ణం పెట్టుకున్నాం. సాయంత్రం జార్జియాతో ఆట కాబట్టి మధ్యాహ్నమంతా చర్చే. పులిహోర వదిలేసి లేచిపోయింది ఇక్కడే. ముప్పై ఏళ్లుగా ఈ ఊళ్లో ఉన్న పెద్దాయన 2010 సంగతి తీశారు: అంతకుముందు సీజన్‌లో టైటిల్ ఆట దాకా వెళ్లిన జట్టు, కొత్త క్వార్టర్‌బ్యాక్ గ్యారెట్ గిల్బర్ట్, ఇదే ఊరి పిల్లాడు, వాళ్ల నాన్నా ఎన్‌ఎఫ్‌ఎల్ క్వార్టర్‌బ్యాకే, ఆ ఏడు 10 టచ్‌డౌన్లు, 17 ఇంటర్‌సెప్షన్లు, జట్టు 5-7. "అప్పుడూ ఇలాగే తిట్టాం, మరుసటి ఏడు వాణ్ణి బెంచికి పంపారు, వాడు వేరే యూనివర్సిటీ ఎస్‌ఎమ్‌యూకి వెళ్లిపోయాడు, మనకేం ఒరిగింది?" అన్నారాయన. బావగారు "ఇంటిపేరు వేరే అయితే ఇన్ని అవకాశాలిచ్చేవారా?" అన్నారు. పెద్దాయన "ఇంటిపేరు వేరే అయితే ఇన్ని తిట్లు పడేవాడా?" అన్నారు. బావగారు లేచారు. ప్లేటు మా ఆవిడ చేతికొచ్చింది.

ఆ రాత్రి జార్జియా 35-10తో చితక్కొట్టింది. మూడో క్వార్టర్‌లో 14-10 దాకా వచ్చాం, తర్వాత నాలుగో క్వార్టర్‌లో వాళ్ల టచ్‌డౌన్, వెంటనే ఆన్‌సైడ్ కిక్ (బంతి మళ్లీ తమకే దక్కేలా దగ్గరగా తన్నడం), మనవాళ్లు తేరుకోలేదు. మూడో ఓటమి, ప్లేఆఫ్ ఆశలు అక్కడే పోయాయి. ఆ ఓటమికి పూర్తిగా ఆర్చ్‌నే అన్నవాళ్లతో నేను ఏకీభవించను, పరుగెత్తి యార్డులు తెచ్చేవాళ్లు లేని జట్టులో అన్నీ విసిరే తేవాలంటే ఎదుటివాడికి మన పని ముందే తెలిసిపోతుంది.

థాంక్స్‌గివింగ్ మర్నాడు మాత్రం మాటల్లేవు. అప్పటిదాకా ఒక్కటీ ఓడని టెక్సస్ ఏ అండ్ ఎమ్‌ని 27-17తో ఓడించాం. ఆర్చ్ మధ్యలోంచి 35 యార్డులు పరిగెత్తి టచ్‌డౌన్ చేస్తుంటే మా అత్తయ్య "పోరా పోరా పోరా" అని సోఫా దిగిపోయింది. సంఘంలో ఏ అండ్ ఎమ్‌లో చదివిన కుటుంబాలు కూడా ఉన్నాయి, వాళ్లు ఆ రోజు వంట బాధ్యత తీసుకున్నారు, బిర్యానీ బావుంది, ఉప్పు మాత్రం ఎక్కువైంది. కావాలనే అని నా అనుమానం.

9-3తో ముగిస్తే 12 జట్ల ప్లేఆఫ్‌లో చోటు దక్కలేదు. రెగ్యులర్ సీజన్‌లో ఆర్చ్ లెక్క: 2,942 యార్డులు, 24 టచ్‌డౌన్లు, 7 ఇంటర్‌సెప్షన్లు, పరిగెత్తి చేసినవి 8. ఈ అంకెలు పేరు చెప్పకుండా ముందు పెట్టి "మొదటిసారి పూర్తి సీజన్ ఆడిన పిల్లాడివి" అంటే మనలో ఎవరమూ మొహం చిట్లించం. డిసెంబరు 31న సీజన్ చివర ఆడే సిట్రస్ బౌల్ ఆటలో మిషిగన్‌ని 41-27తో ఓడించారు, ఆర్చ్ విసరడమే కాదు, 155 యార్డులు పరిగెత్తాడు కూడా. అప్పటికి మన హాల్లో ఎనిమిది మందే మిగిలారు, మిగతావాళ్లు కొత్త సంవత్సరం కేకు కోసం వెళ్లారు. ఆ ఎనిమిది మందిలో బావగారు ఉన్నారు. ఏమీ మాట్లాడలేదు, ప్రొజెక్టరు సర్దడంలో సాయం చేశారు.

పద్దులు: కోశాధికారి గారు విడిగా పంచుతారు. ఒక్క వివరణ మాత్రం నేనివ్వాలి. "సాంస్కృతిక కార్యక్రమాలు" కింద పిజ్జా ఎలా వచ్చిందని ముగ్గురు సభ్యులు అడిగారు. అవి ఆటలు చూసిన రోజులవి, వేరే పద్దు లేక అందులో రాశాం, వచ్చే ఏడు "క్రీడలు" అని కొత్త పద్దు తెరుస్తున్నాం. దీపావళి ఆడిటోరియం డిపాజిట్‌లో కొంత కోత పడింది, కార్పెట్ మీద మైనం మరకలన్నారు, దీపాలు బ్యాటరీవి అని ఎంత చెప్పినా వినలేదు. ఫొటోలతో మళ్లీ రాశాం.

ఇక 2026. ఆర్చ్ ఇంకో ఏడాది ఆడుతున్నాడు. సెప్టెంబరు 12 శనివారం ఒహాయో స్టేట్ మన ఊరికే వస్తోంది, సోమవారం 14న వినాయక చవితి. మట్టి విగ్రహం శుక్రవారంలోగా తేవాలి, శనివారం ఎవరూ కదలరు. ఉండ్రాళ్లు ఒహాయో స్టేట్ ఆటకే చేయాలా, చవితికే చేయాలా అన్నది మహిళా విభాగం తేలుస్తుంది. బావగారు ఈసారి ప్రొజెక్టరు తనే తెస్తానన్నారు, పులిహోర కూడా.

ఇట్లు,
కార్యదర్శి