కుండల స్టూడియోల మడ్డినీరు మురుగుకాలువల్లోకి వద్దు

సంపాదకుని గారికి,

హైదరాబాద్‌లో కుండల తయారీ నేర్పే స్టూడియోలు పెరుగుతున్నాయని మీ ఆదివారం అనుబంధంలో రాశారు. సంతోషమే. కంప్యూటర్ల ముందు కూర్చునే యువత సెలవురోజున సారె (కుండలు చేసే చక్రం) ముందు కూర్చోవడం కుమ్మరి ఇంట పుట్టిన నాకు చేదేమీ కాదు. అయితే ‘ప్రకృతికి దగ్గరగా’ అని అంత మురిపెంగా రాసిన ఆ కథనంలో, మిగిలిన మట్టి, కడిగిన నీరు ఎటు పోతున్నాయో ఒక్క ముక్క లేదు.

మా వీధిలో అవి మురుగుకాలువలోకి పోతున్నాయి. ఒక అపార్ట్‌మెంట్ కింది అంతస్తులో నడిచే స్టూడియోలో బకెట్లు, పనిముట్లు అన్నీ కుళాయి కిందే కడుగుతారు. బంకమన్ను చాలా సన్నని రేణువు. పారుతున్నంతసేపు నీటితో పోతుంది, నిదానించిన చోట అడుగున పేరుకుని గట్టిపడుతుంది. మొన్న మ్యాన్‌హోల్ పొంగితే తెల్లటి అడుసు రోడ్డెక్కింది. దాన్ని తోడిపోసింది పారిశుద్ధ్య కార్మికులు. ఇక ఆ కుళాయి నీరు నాగార్జునసాగర్ నుంచి, ఎల్లంపల్లి నుంచి వంద కిలోమీటర్లకు పైగా పంపులతో తెచ్చుకుంటున్న కృష్ణా, గోదావరి జలం.

మా ఇళ్లలో సారె పక్కన ఒక్క ముంత నీళ్లుండేవి. చేతికంటిన మట్టిని ముంత అంచుకు గీసి అందులోనే వేసేవారు. సాయంత్రానికి చిక్కబడిన ఆ అడుసే అతుకులకు పనికొచ్చేది. ఆరకముందే విరిగిన కుండ తిరిగి మట్టికుప్పలోకే వెళ్లేది. చెరువు నుంచి మట్టి మోసుకొచ్చినవారికి దాన్ని పారబోయడానికి చేతులు రావు. ఇప్పుడు గుజరాత్, రాజస్థాన్ గనుల మట్టి కూడా సంచుల్లో ఇంటికే వస్తోంది కనుక ఆ బరువు ఎవరికీ తెలియడం లేదు.

స్టూడియోలవారు గమనించవలసిన అసలు సంగతి కాల్పు. పచ్చిగా ఉన్నంతకాలం మట్టిని ఎన్నిసార్లయినా ఎండబెట్టి, నానబెట్టి, పిసికి వాడుకోవచ్చు. వేడి సుమారు 600 డిగ్రీల సెల్సియస్ దాటిందంటే రేణువుల్లో రసాయనికంగా కలిసి ఉన్న నీరు కూడా పోతుంది. ఆ తర్వాత ఏళ్ల తరబడి నానబెట్టినా అది మెత్తని మట్టి కాదు. నూరి పొడిచేసి కొత్త మట్టిలో కొద్దిగా కలపడం ఒక్కటే దారి. అయినా వంకరపోయిన గిన్నెలను, పగులు పట్టిన కప్పులను రుసుము కట్టారు కదా అని విద్యుత్ బట్టీలో పెట్టేస్తున్నారు. తరగతికి ఒక రుసుము, కాల్చే ప్రతి వస్తువుకూ వేరే రుసుము పెడితే సగం కప్పులు వాటంతటవే నీళ్ల తొట్టిలోకి తిరిగి వెళ్తాయని నా నమ్మకం.

నీటి విషయం ఇంకా తేలిక. వరుసగా మూడు బకెట్లు పెట్టి, మొదటిదానిలో మట్టి చేతులు, రెండోదానిలో పనిముట్లు, చివరిదానిలో తుది కడుగు. రాత్రి కదపకుండా ఉంచితే మడ్డి అడుక్కి దిగుతుంది. పైతేట మర్నాటి పనికి, మడ్డి పాత గుడ్డపై ఆరబోస్తే సారె మీదికి. గిన్నెలకు గాజులాంటి మెరుపునిచ్చే మెరుగుపూతల కడుగునీరు మాత్రం ఇందులో కలపకూడదు. వాటిలో రాగి, కోబాల్ట్, మాంగనీస్ వంటివి ఉంటాయి. ఆ మడ్డిని వేరుగా ఆరబెట్టి, పనికిరాని గిన్నెలో పోసి కాల్చేయాలి. అలాగని నీరు ఆదా చేయాలని పొడి చీపురు పట్టకండి. మట్టి ధూళిలోని సిలికా ఊపిరితిత్తులను దెబ్బతీస్తుంది. ఇక్కడ తడిగుడ్డకు పీనాసితనం కూడదు.

సంప్రదాయ కుమ్మరులు చేతితో తవ్వుకునే మట్టికి పర్యావరణ అనుమతి అక్కర్లేదని కేంద్రం 2016 జనవరిలో నోటిఫికేషన్ ఇచ్చింది. అదీ కుండలు, ప్రమిదలు, బొమ్మల వంటివాటికి తమ ఆచారం ప్రకారం తీసే మట్టికే అన్న నియమంతో. రుసుములు వసూలు చేసి వ్యాపారంగా నడిచే స్టూడియోలకు అంతపాటి నియమమైనా ఉండాలి కదా. వ్యాపార లైసెన్సు ఇచ్చేటప్పుడు, పునరుద్ధరించేటప్పుడు మడ్డి దిగే తొట్టి ఉందో లేదో నగరపాలక సంస్థ చూడాలి. లేనివారికి మురుగు కనెక్షన్ వాడుకునే వీలు ఇవ్వకూడదు. ట్యాంకర్ల కోసం వరుసలు కట్టే వేసవికి ముందే ఈ తనిఖీ మొదలైతే మా వీధివాళ్లం సంతోషిస్తాం.

ఇట్లు
ఒక పాఠకుడు
హైదరాబాద్