పరుగుకు అండగా నిలిచినవాళ్లందరికీ కృతజ్ఞతలు

మూలకణ దాతల రిజిస్ట్రీకి (రక్తాన్ని తయారుచేసే మూలకణాలను అవసరమైన రోగులకి ఇస్తామని ముందుకొచ్చినవాళ్ల జాబితా) విరాళాల కోసం మేం మొదలుపెట్టిన రన్నింగ్ ఛాలెంజ్ పూర్తయింది. అనుకున్నదానికంటే ఎక్కువే పోగయింది. డబ్బు పంపినవాళ్లకీ, పోస్టును పదిమందికీ చేరవేసినవాళ్లకీ, నా నైట్ షిఫ్టులు నెత్తిన వేసుకుని నన్ను పొద్దున్నే పరుగుకు వదిలిన సహోద్యోగులకీ పేరుపేరునా కృతజ్ఞతలు. పేరు చెప్పకుండా పెద్ద మొత్తం వేసినవారెవరో గానీ, మీకు మరోసారి.

"ఎయిర్‌పోర్టులో గ్రౌండ్ స్టాఫ్‌వి, నీకెందుకింత పట్టింపు?" అని చాలామంది అడిగారు. అందరికీ కలిపి ఇక్కడే చెప్తాను.

అప్పుడప్పుడూ మా కౌంటర్‌కి చిన్న కూల్ బాక్సుతో ఒక కొరియర్ వస్తారు. లోపల ఎవరో దాత ఇచ్చిన మూలకణాల సంచి ఉంటుంది. దాన్ని ఎక్స్‌రేలో పెట్టకూడదు కాబట్టి సెక్యూరిటీవాళ్లకి ముందే చెప్పి చేత్తో తనిఖీ చేయిస్తాం. లగేజీలో వేసే ప్రశ్నే లేదు. కొరియర్ బాత్రూమ్‌కి వెళ్లినా బాక్సు వెంట వెళ్లాల్సిందే! సాధారణంగా లోపల 2 నుంచి 8 డిగ్రీల చల్లదనం ఉండాలి, సేకరించిన 72 గంటల్లోపు రోగికి ఎక్కించాలి. అందుకే విమానం లేటని బోర్డు మీద పడగానే వాళ్ల ముఖం పాలిపోతుంది.

అసలు టెన్షన్ అవతలి ఊళ్లో ఉంటుంది. ఈ కణాలు వస్తున్నాయన్న నమ్మకంతోనే డాక్టర్లు అక్కడ రోగికి కీమో ఇచ్చి, రక్తం తయారయ్యే పాత ఎముక మజ్జను దెబ్బతీసేసి ఉంటారు. ఇక వెనక్కి వెళ్లే దారి ఉండదు. మామూలు ప్రయాణికుడికి కనెక్షన్ తప్పితే తర్వాతి విమానంలో సీటు చూస్తాం. ఆ మంచం మీద ఉన్న మనిషికి ఏం చూస్తాం?

బాక్సును గేటు దాకా దాటించడం వరకే మా పని. అది మా దాకా రావాలంటే ముందు సరిపోయే దాత దొరకాలి. రోగి కణజాల రకంతో దాతది పూర్తిగా కలిసే అవకాశం సొంత అన్నదమ్ములూ అక్కచెల్లెళ్లలో కూడా ఒక్కొక్కరికి 25 శాతమే. అలా ఇంట్లో దాత దొరకని రోగుల్లో చాలామంది ముక్కూమొహం తెలియని దాత కోసం రిజిస్ట్రీల్లో వెతకాలి. పేరు నమోదుకి చెంప లోపల దూదిపుల్లతో రాసి ఇస్తే చాలు, కానీ ఆ నమూనాకి ల్యాబులో చేసే హెచ్‌ఎల్‌ఏ పరీక్షకి, అంటే కణజాల రకం తేల్చే పరీక్షకి, ఖర్చవుతుంది. మీరిచ్చిన డబ్బు నేరుగా ఆ పరీక్షలకే వెళ్తుంది. బ్యానర్లకీ మెడల్స్‌కీ పోయే ఛాలెంజ్ అయితే నేను అడుగు వేసేవాణ్ణి కాదు.

రోజంతా సేఫ్టీ షూస్‌లో నిలబడ్డ కాళ్లతో పరుగు ఎలా ఉంటుందో అడక్కండి. మా లోడర్ల బృందం పక్కన పరిగెడుతూ వేసిన జోకులే నన్ను చివరిదాకా లాక్కొచ్చాయి.

రసీదు ఇంకా అందనివాళ్లు మెసేజ్ పెట్టండి, నిర్వాహకులకి చెప్పి పంపిస్తాను. సహోద్యోగులకి ఇంకో మాట: వచ్చే ఛాలెంజ్‌కి షిఫ్టు మార్పిడి ఇప్పటినుంచే అడుగుతున్నా, తర్వాత లేదనొద్దు.