చిన్నా, రెండు కాగితాలు రాయి

చిన్నా,

ఇక్కడ అందరం క్షేమం. నాన్నకి మోకాలి నొప్పి తగ్గింది, కట్టు మాత్రం విప్పనంటున్నారు. నీ దగ్గర్నుంచి కబురు లేదని మాకేం దిగులు లేదు. బేస్‌బాల్ స్కౌట్‌వి, కుర్రాళ్ల ఆట చూస్తూ తిరిగే ఉద్యోగం, తెలియనిదా? ఊరికే రాస్తున్నాను. జులైలో డ్రాఫ్ట్, క్లబ్బులు కొత్త కుర్రాళ్లని ఎంచుకునే రోజులు అంటే ఈ రోజుల్లో నీకు తిండికీ నిద్రకీ వేళాపాళా ఉండదు. గ్రౌండ్ బయట దొరికే చిరుతిళ్లతో కడుపు నింపుకోకు. టోపీ పెట్టుకో, మెడ వెనకాల కూడా క్రీము రాసుకో.

రాజ్యం పిన్ని ఏదో అంది. బంతి వేయడం, బ్యాట్‌తో కొట్టడం రెండూ చేసే ఆ స్కూలు కుర్రాణ్ణి ఒక్క ఆటలో చూసి, పిచర్‌గా, అంటే బంతి వేసేవాడిగా మాత్రమే పనికొస్తాడని మీ క్లబ్బుకి రాసి పంపేశావట. ఆవిడ మాట నేను పట్టించుకోననుకో. అయినా వాడు పిచింగ్ చేసిన రోజే నువ్వు వెళ్లుంటే, నువ్వు చూసింది వాడి అసలు బ్యాటింగ్ కాదు. ఎనభై బంతులు వేసి వచ్చి బ్యాట్ పట్టుకున్నవాడికి ముందు భుజం తొందరపడి తెరుచుకుంటుంది, చేతులు వెనకబడతాయి, ఒంటి మీదకి వచ్చే ఫాస్ట్‌బాల్ కొడితే ఫౌలే, గీత బయటికే పోతుంది. అది నైపుణ్యం లేక కాదు, అలసట. ఆ రెంటినీ విడదీయాలంటే కనీసం మూడు రోజులు చూడాలి: పిచింగ్ చేసే రోజు, ఆ మర్నాడు, మళ్లీ నాలుగైదు రోజుల విశ్రాంతి తర్వాత ఒక ఆట. మర్నాటి ఆటే అన్నిటికన్నా ముఖ్యం, స్కౌట్లు ఎగ్గొట్టేదీ అదే. బంతి వేగం కొలిచే రాడార్ గన్ పట్టుకొచ్చినవాళ్లంతా వేగం రాసుకుని రాత్రికే కార్లెక్కుతారు. నువ్వూ రాత్రిపూట అంతంత దూరం నడపడం మానవు. టైర్లు మార్చించావా?

ఆ కుర్రాడు కుడిచేత్తో వేసి ఎడమవైపు నిలబడి కొడతాడట కదా. అయితే నీకు సగం పని తగ్గినట్టే. హోమ్ ప్లేట్, అదే బ్యాట్ పట్టుకుని నిలబడే చోటు, వెనక నుంచి వేగం చూసుకున్నాక, థర్డ్ బేస్ వైపుకి వెళ్లి కూర్చో. పిచింగ్‌లోనూ బ్యాటింగ్‌లోనూ వాడి ఛాతీ అటే తిరిగి ఉంటుంది, చెయ్యి ఎక్కడ మొదలై ఎక్కడ తేలుతుందో అక్కణ్ణుంచే కనిపిస్తుంది. ఇంకోటి చూడు. ఎడమవైపు నిలబడితే పిచర్‌కి ఎదురుగా ఉండేది కుడి మోచెయ్యి, అంటే బంతి వేసే చెయ్యే. ఒక్క బంతి దానికి తగిలితే రెండు ఉద్యోగాలూ ఒకేసారి పోతాయి. మోచేతికి గార్డ్ కట్టుకుంటున్నాడా, లోపలికొచ్చే బంతికి ఒళ్లు తిప్పుకుని తప్పుకోవడం వచ్చా? ఇవి ఏ ఫారంలోనూ అడగరు. నువ్వు రాయి.

రెండు కాగితాలు విడివిడిగా రాయమని నా మాట. స్కౌట్లు మార్కులు వేసే 20 నుంచి 80 కొలతలో ఫాస్ట్‌బాల్‌కి 60, బ్యాటింగ్‌కి 45 వేసి, సగటు తీసి 'మంచి ఆటగాడు' అనడం లెక్క కాదు. పిచర్ కాగితం రాసేటప్పుడు వాడికి బ్యాటింగే రాదనుకో. హిట్టర్ కాగితం రాసేటప్పుడు వాడు ఎన్నడూ మౌండ్, పిచర్ నిలబడే దిబ్బ, ఎక్కలేదనుకో. రెండు కాగితాలూ దేనికది డ్రాఫ్ట్‌లో నిలబడితేనే వాడు రెండూ చేసేవాడు. ఒక్కటే నిలబడితే రెండోది వాడి సరదా, అంతే. పరుగు మటుకు స్టాప్‌వాచ్‌తోనే చూడు. బ్యాట్‌కి బంతి తగిలిన క్షణం నుంచి ఫస్ట్ బేస్ తొక్కే దాకా ఎడమవైపు వాళ్లకి 4.2 సెకన్లు మామూలు. స్కౌట్ల కోసం పెట్టే షోకేస్‌లో వరసగా దంచే ప్రాక్టీసు చూసి మురిసిపోకు. లోహపు బ్యాట్ పక్కన పెట్టించి కర్ర బ్యాట్ ఇమ్మను. పిడి దగ్గర తగిలిన బంతి లోహంతో అయితే ఎలాగోలా షార్ట్‌స్టాప్ (సెకండ్, థర్డ్ బేస్‌ల మధ్య నిలబడే ఫీల్డర్) తల మీదుగా పోతుంది, కర్ర అయితే బ్యాటే విరుగుతుంది.

రెండూ చేసే జపాన్ ఆటగాడు ఒహ్తానీ సంగతి నీకు చిన్నప్పుడే చెప్పాను, మళ్లీ చెబుతున్నా, విసుక్కోకు. 2012 మార్చిలో వాడు హనమాకి హిగాషి స్కూలు తరఫున వసంతకాలపు కోషియెన్‌లో, అంటే జపాన్ హైస్కూళ్ల జాతీయ పోటీల్లో ఆడాడు. ఎదురుగా ఒసాకా తోయిన్, వాళ్ల పిచర్ ఫుజినామి. ఆ ఫుజినామి వేసిన బంతినే ఒహ్తానీ హోమ్ రన్ కొట్టాడు, మైదానం దాటించాడు. పిచింగ్‌లో మాత్రం గురి తప్పి చాలామందికి వాక్‌లు, అంటే ఊరికే ఫస్ట్ బేస్ ఇచ్చేశాడు, జట్టు ఓడిపోయింది. ఆ ఒక్క ఆట చూసిన స్కౌట్ ఏం రాస్తాడు? హిట్టర్ అని రాస్తాడు. అదే ఏడాది జులైలో ఇవాతె జిల్లా పోటీల్లో గంటకి 160 కిలోమీటర్ల వేగంతో వేశాడు. అది మాత్రమే చూసినవాడు పిచర్ అని రాస్తాడు. కుర్రాడు ఒకడే, మధ్యలో నాలుగు నెలలు. మార్చికి ముందు సంగతి తెలిస్తే ఆ వాక్‌లకి కారణమూ తెలుస్తుంది: అంతకుముందు వేసవిలో తుంటి దగ్గర గాయమై చాలాకాలం సరిగ్గా పిచింగ్ చేయలేకపోయాడు. స్కోరు కార్డులో ఈ గాయం ఉండదు, కోచ్‌ని అడగాలి. అక్టోబర్ 21న వాడు నేరుగా అమెరికా వెళ్తానని ప్రకటించాడు. మిగతా క్లబ్బులు తప్పుకున్నాయి. నిప్పన్ హామ్ ఫైటర్స్ మాత్రం 25న వాణ్ణే మొదటి ఎంపిక చేసుకుంది. ఆ తర్వాత బతిమాలడంతో సరిపెట్టలేదు. స్కూలు నుంచి నేరుగా విదేశాలకి వెళ్లినవాళ్లు ఏమయ్యారో వివరంగా రాసిన పత్రం తయారుచేసి ఇంటికి పట్టుకెళ్లారు. రెండూ చేయిస్తామన్నారు. డిసెంబర్‌లో ఒప్పుకున్నాడు. చేయించారు కూడా: పిచింగ్‌కి ముందు రోజూ మర్నాడూ సాధారణంగా బ్యాట్ ఇచ్చేవాళ్లు కాదు. 2016కల్లా ఒక్క సీజన్‌లో పిచర్‌గా 10 విజయాలు, బ్యాట్‌తో 22 హోమ్ రన్‌లు. ఇదంతా నీ కుర్రాడు ఒహ్తానీ అవుతాడని కాదు. నీ కుర్రాడికీ వేరే దారి, కాలేజీ సీటు, ఉందట, క్లబ్బు ఏ మాట ఇస్తే సంతకం పెడతాడో నువ్వే ముందు తెలుసుకోవాలి. పిచర్ మాత్రమే అని రాసేస్తే ఆ మాట ఇవ్వడానికి మీ వాళ్ల దగ్గర ఏం మిగులుతుంది?

రెండూ చేసేవాళ్లందరికీ కుదరలేదు, నిజమే. 2017 అమెరికా డ్రాఫ్ట్‌లో అలాంటివాళ్లు ఇద్దరు: హంటర్ గ్రీన్ రెండో ఎంపిక, బ్రెండన్ మెకే నాలుగో ఎంపిక. గ్రీన్ కొన్ని ఆటలకే బ్యాట్ వదిలేశాడు. మెకే ఇటూ అటూ ఆడుతూ 2019లో పెద్ద లీగ్ చేరాడు, మరుసటి ఏడాదే భుజానికి ఆపరేషన్. అలాగని భయపడి ముందే చేతులెత్తేయకూడదు. భారం లెక్కపెట్టాలి. కుర్ర పిచర్ల కోసం పెట్టిన పిచ్ స్మార్ట్ పట్టిక ప్రకారం 17 ఏళ్లవాడికి రోజుకి 105 బంతులు హద్దు, 80 దాటితే నాలుగు రోజుల విశ్రాంతి. ఆ పట్టికలో వార్మప్ బంతులుండవు, మర్నాడు షార్ట్‌స్టాప్ నుంచి ఫస్ట్ బేస్‌కి విసిరేవీ ఉండవు. వాటిని నువ్వే గీతలు గీసుకుంటూ లెక్కపెట్టు. వాణ్ణి క్యాచర్‌గా కూడా నిలబెడుతున్నారని, చేతికి మళ్లీ విసుర్లేనని తెలిస్తే ఎర్ర సిరాతో రాయి. ఫాస్ట్‌బాల్ మొదటి ఇన్నింగ్స్ కన్నా గంటకి మూడు మైళ్లు తగ్గి, మోచెయ్యి భుజం కన్నా కిందికి జారి, బంతులు పైకి లేస్తుంటే అలిసిపోయాడన్నమాట, ఇక వేగం రాసుకోవడం దండగ.

మీ పెద్దవాళ్లు 'ఒకడికి రెండు చోట్లెందుకు' అంటే పెద్ద లీగ్ నియమం చూపించు. ఆ సీజన్‌లోగానీ ముందు సీజన్‌లోగానీ పెద్ద లీగ్‌లో 20 ఇన్నింగ్స్ పిచింగ్ చేసి, ఫీల్డర్‌గానో డీహెచ్‌గానో (పిచర్ బదులు బ్యాటింగ్ మాత్రమే చేసేవాడు) 20 ఆటలు మొదలుపెట్టి, ఒక్కోదాంట్లో మూడుసార్లు బ్యాటింగ్‌కి వస్తే, వాడు జట్టుకి ఉన్న 13 మంది పిచర్ల హద్దులో లెక్కకి రాడు. ఒక చోటు మిగులుతుంది. బేరానికి అంతకన్నా ఏం కావాలి?

ఉపన్యాసం వద్దనుకునే మొదలుపెట్టాను, నాన్న పక్కనుంచి నవ్వుతున్నారు. వచ్చే శనివారం వాడు పిచింగ్ చేస్తే ఆదివారం కూడా అక్కడే ఉండు, గది రెండు రాత్రులకి తీసుకో. ఆ డబ్బులు మీ ఆఫీసు ఇవ్వకపోతే నేను పంపుతాను. పంపేసిన కాగితం వెనక్కి తీసుకోలేకపోతే దాని వెనకాలే రెండోది పంపు, అందులో తప్పేం లేదు. పిన్ని అన్నది అబద్ధమైతే ఒక్క ముక్క ఫోన్లో చెప్పు, ఆవిడతో నేను మాట్లాడుకుంటాను.

అమ్మ