చైనా పరిశోధక విద్యార్థుల వీసాలపై అమెరికా విదేశాంగ మంత్రికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన విదేశాంగ మంత్రి గారికి,

మీ దేశంలో పీహెచ్‌డీ చేస్తున్న తెలుగువాడిగా, నాతోపాటు ప్రయోగశాలలో పనిచేసే చైనా సహచరుల గురించి ఈ లేఖ రాస్తున్నాను.

2018లో రోబోటిక్స్, విమానయానం వంటి రంగాల్లోని చైనా పీజీ, పీహెచ్‌డీ విద్యార్థుల వీసా గడువును ఏడాదికి కుదించారు. 2020 నాటి 10043వ అధ్యక్ష ప్రకటన, చైనా సైనిక అవసరాలతో ముడిపడ్డాయని భావించిన సంస్థల్లో చదివినవారికి తలుపులు మూసింది. పీహెచ్‌డీకి ఐదారేళ్లు పడుతుంది. వీసా గడువు తీరినా చదువు సాగుతున్నంతకాలం ఇక్కడ ఉండవచ్చు గానీ, ఒకసారి ఇంటికి వెళితే తిరిగి రావడానికి కొత్త వీసా కావాలి. ఆ పరిశీలన ఎన్ని వారాలకు, ఎన్ని నెలలకు ముగుస్తుందో ఎవరూ చెప్పరు, ఈలోగా పరిశోధన ఆగిపోతుంది. అందువల్ల పండుగల మాట అటుంచి, తల్లిదండ్రులకు జబ్బు చేసినా కదలలేనివారు ఉన్నారు. ఏకసంతాన విధానం కాలంలో పుట్టిన వీరిలో చాలామందికి తోబుట్టువులు లేరు. ఆసుపత్రిలో అమ్మ పక్కన కూర్చోవడానికి మరో బిడ్డ లేదు.

దేశ భద్రత గురించి మీ ఆందోళనను నేను తోసిపుచ్చడం లేదు. అయితే కమ్యూనిస్టు పార్టీతో సంబంధాలున్నవారి వీసాలు సైతం రద్దు చేస్తామని 2025 మేలో మీరు ప్రకటించారు. దాదాపు పది కోట్ల సభ్యులున్న పార్టీ విషయంలో ఆ కొలత ఎవరికైనా తగులుతుంది. మనిషి చేసిన పనిని చూడాలి, పుట్టిన దేశాన్ని కాదు.

వీసా నిరాకరించినప్పుడు నిర్దిష్ట కారణాన్ని రాతపూర్వకంగా తెలపాలనీ, పరిశీలనకు గడువు విధించాలనీ, ఇప్పటికే చదువుతున్నవారికి కోర్సు ముగిసేదాకా వచ్చిపోయే వీలు కల్పించాలనీ కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పరిశోధక విద్యార్థి