మాగ్నమ్ తూటాకు తగిన గొట్టం కావాలి

సంపాదకులకు నమస్కారం.

దూరలక్ష్య షూటింగ్‌పై మీ పత్రికలో వచ్చిన వ్యాసం తూటా వేగం దగ్గరే ఆగిపోయింది. 1963లో వచ్చిన శక్తిమంతమైన రైఫిల్ తూటా .300 వించెస్టర్ మాగ్నమ్‌నే తీసుకుంటే, అందులోని తుపాకిమందు నెమ్మదిగా కాలే రకం కాబట్టి అది పూర్తిగా పనిచేయడానికి 24 నుంచి 26 అంగుళాల తుపాకి గొట్టం (బ్యారెల్) అవసరం. మోయడానికి తేలికని 20 అంగుళాలకు కుదిస్తే, డబ్బు పోసి కొన్న వేగంలో కొంత మూతి దగ్గర మంటగా, చప్పుడుగా పోతుంది.

బుల్లెట్‌ను గిరగిరా తిప్పడానికి గొట్టం లోపల చెక్కిన గాట్ల మెలిక ఇంకా ముఖ్యం. ఈ తూటాకు 10 అంగుళాలకు ఒక చుట్టు తిరిగే మెలిక సాధారణం. అయితే దూరంలో గాలిని బాగా తట్టుకునే పొడవైన, బరువైన బుల్లెట్లు వాడదలచినవారు వాటిని ఇంకా వేగంగా తిప్పి నిలకడగా ఉంచే 9 లేదా 8 అంగుళాల మెలికను అడిగి తీసుకోవాలి. బుల్లెట్‌ను ముందుగా నిర్ణయించుకుని, ఆ తరువాతే గొట్టం కొనడం సరైన వరుస అని నా గట్టి అభిప్రాయం.

గొట్టం అరుగుదలను వ్యాసం ప్రస్తావించనే లేదు. నా రైఫిల్ గురి చెదరడం మొదలైనప్పుడు చాలాకాలం టెలిస్కోప్‌నే అనుమానించాను. చివరకు సన్నని కెమెరా లోపలికి దించి చూస్తే, గాట్లు మొదలయ్యే చోట ఉక్కు ఎండిన చెరువు మట్టిలా నెర్రెలు విచ్చి ఉంది. వేడెక్కిన గొట్టాన్ని చల్లారనివ్వకుండా వెంటవెంటనే కాల్చడమే అందుకు కారణం. కాగితపు లక్ష్యాలపై రోజూ సాధన చేసేవారికి తక్కువ మందు పట్టే 6.5 క్రీడ్‌మోర్ వంటి తూటాయే మేలు. దాని ఎదురుతన్ను తక్కువ, గొట్టమూ ఎక్కువకాలం మన్నుతుంది.

ఇట్లు,
ఒక పాఠకుడు