బొమ్మల సినిమాకు వయసు గుర్తు ఒక్కటే చాలదు

కేంద్ర చలనచిత్ర ధ్రువీకరణ బోర్డు అధ్యక్షుల వారికి నమస్కారములు.

1952 నాటి సినిమాటోగ్రాఫ్ చట్టాన్ని 2023లో సవరించి, పెద్దల మార్గదర్శకత్వంలో పిల్లలు చూడదగిన సినిమాలకిచ్చే యూఏ ధ్రువపత్రాన్ని వయసును బట్టి 7+, 13+, 16+ అని మూడుగా విభజించడం తల్లిదండ్రులకు మేలు చేసింది. అయితే ఆ గుర్తు సలహా మాత్రమే. నాలుగేళ్ల బిడ్డను హాలుకు తీసుకువెళ్లాలా వద్దా అన్న నిర్ణయం మాదే. అందుకు తగినంత సమాచారం మాత్రం మా చేతికి అందడం లేదు.

బొమ్మల సినిమా అనగానే పిల్లల సినిమా అనుకుంటాం. కానీ పసివాళ్లను రక్తం కన్నా చీకటి, హఠాత్తుగా పెరిగే శబ్దం, తల్లి కనబడకుండా పోయే సన్నివేశం ఎక్కువగా భయపెట్టవచ్చు. ప్రహ్లాదుని కథ చెప్పే నాయనమ్మ, బిడ్డ ముఖం చూసి, స్తంభం పగిలే ఘట్టాన్ని మెత్తగా దాటిస్తుంది (నేనూ అలా విన్నవాణ్ణే). వెండితెర అలా ఆగదు. కథ సుఖాంతం కావడం పెద్దలకు ఊరట గానీ, మధ్యలోనే బెదిరి ఏడ్చిన పసివాడికి కాదు.

బ్రిటన్‌లోని ధ్రువీకరణ సంస్థ సినిమాలో భయం, హింస ఏ మేరకు ఉన్నాయో వివరంగా రాసి అందరికీ అందుబాటులో ఉంచుతోంది. మీరూ అటువంటి నాలుగు వాక్యాలు, సినిమా విడుదలయ్యే ప్రతి భాషలోనూ, టికెట్టు కొనే చోటనే కనిపించేలా చేయించాలనీ, యానిమేషన్ చిత్రాల పరిశీలనలో బాలల మనస్తత్వం తెలిసినవారిని కూర్చోబెట్టాలనీ నా మనవి.

ఇట్లు,
ఒక తండ్రి