ఉద్దానానికి రెండో అంకె కావాలి

ఆంధ్రప్రదేశ్ వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

నమస్కారం. కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న మా శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో "బాగున్నావా" తర్వాత "క్రియాటినిన్ ఎంతొచ్చింది?" అని అడుగుతారండి. కిడ్నీ సరిగా వడకట్టకపోతే రక్తంలో పెరిగే వ్యర్థం అది. నేను సోంపేట వైపు ల్యాబ్ టెక్నీషియన్‌ని. ఆ నంబర్లు ప్రింట్ తీసిచ్చే చెయ్యి నాది.

ముందు నా తప్పు చెప్పుకుంటాను. జీడిపిక్కల పనికెళ్లే 55 ఏళ్ల ఆవిడకు 1.2 వచ్చింది. మా కాగితం మీద 1.4 దాకా నార్మలే. "ఫర్వాలేదమ్మా" అని పంపేశాను. 25 ఏళ్ల కుర్రాడికైతే నిజంగానే ఫర్వాలేదు. ఆవిడ వయసు, ఆడమనిషన్న సంగతి కలిపి లెక్కగడితే కిడ్నీ వడపోత, అదే ఈజీఎఫ్ఆర్, 53 దగ్గర తేలుతుంది. 60కి దిగువన మూడు నెలలకు పైగా ఉంటే దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు కిందే లెక్క. కంప్యూటర్‌కు రెప్పపాటు పని. మేం చేయించలేదు. ఆవిడ మళ్లీ వచ్చేసరికి 4.8.

అసలు చిక్కు ఇక్కడే ఉంది. ఈ జబ్బు తేలాలంటే ఒకే మనిషికి మూడు నెలల ఎడంలో రెండు అంకెలు కావాలి. రక్తం ఇచ్చి ఇచ్చి జనం విసిగిపోయారు: శిబిరంలో ఒకసారి, పరిశోధకులకు ఒకసారి, పీహెచ్‌సీలో ఒకసారి, మా దగ్గర ఒకసారి. అంకెలకు కొదవ లేదు. అవన్నీ కలిసేది మాత్రం రోగి ఇంట్లో మేకుకు వేలాడే పాలిథిన్ కవర్లోనే. ఆభా అనే ఆరోగ్య ఖాతా నంబరిచ్చే కేంద్రం డిజిటల్ మిషన్ దేశమంతటా 2021లో మొదలైంది. ఆ నంబరు కింద, మనిషి ఒప్పుకుంటే, ప్రతి క్రియాటినిన్‌నూ తేదీతో సహా చేర్పించండి. ప్రైవేటు ల్యాబులను వదలొద్దు. ఏ పద్ధతిలో కొలిచారో కూడా రాయించండి. ఒకే రక్తానికి రెండు ల్యాబులు రెండు అంకెలివ్వడం మాకు మామూలే. ఆ తేడా చూసుకోకుండా గ్రాఫ్ గీస్తే లేని జబ్బు పెరుగుతుంది, ఉన్నది తగ్గుతుంది.

2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ పరిశోధనా కేంద్రం, 200 పడకల ఆస్పత్రి ప్రారంభమయ్యాయి. హిరమండలం నుంచి ఉద్దానం ఊళ్లకు తాగునీళ్లు తెచ్చే పథకాన్నీ అప్పుడే ప్రారంభించారు. కారణం నీళ్లా, ఎండలో చాకిరీయా, నొప్పి మాత్రలా, పురుగుమందులా అన్నది ఇంకా తేలలేదు. కానీ కుళాయి అన్ని ఊళ్లలో ఒకే రోజు తిరగదు కదా. ఏ ఊరికి ఎప్పుడు నీరందిందో ఆ తేదీ పక్కన ఆ ఊరి కొత్త కేసులు పెట్టి ఏటేటా చూడాలి. జవాబుకు చాలా ఏళ్లు పడుతుంది, కిడ్నీ నిదానంగా చెడేది మరి. తేదీలు మాత్రం ఇప్పుడే రాసుకోవాలి. డయాలసిస్ మానేసి ఇంటి దగ్గరే పోయినవాళ్లనూ లెక్కలోకి తేవాలి.

పేర్లు పొక్కనివ్వకండి. ఉద్దానం అంటేనే పెళ్లి సంబంధాలు వెనక్కిపోతున్నాయి. ఇంకో కొత్త యాప్ కూడా వద్దండి, ఉన్నవాటితోనే ఏఎన్ఎంలకు సగం పొద్దు పోతోంది.

ఒక పని రేపే చేయొచ్చు. ఉద్దానం మండలాల్లోని ప్రతి ల్యాబ్ రిపోర్టులో క్రియాటినిన్ పక్కన ఈజీఎఫ్ఆర్ వేయాలని ఉత్తర్వు ఇవ్వండి. మా సాఫ్ట్‌వేర్‌లో ఆ గడి లేదు. ప్రస్తుతానికి ఫోన్లో లెక్కగట్టి పెన్నుతో రాసిస్తున్నాను.

ఇట్లు,
సోంపేట వైపు ఒక ల్యాబ్ టెక్నీషియన్